ఆంప్లిఫయరునకు దగిన వాల్వు

మన పాఠశాల సభామందిరమున నొక పాత వాల్వు ఆంప్లిఫయరు కలదు. ట్రాన్సిస్టరు యంత్రము వచ్చిన పిమ్మట నది చాల సంవత్సరములు బీరువాలో బడియుండెను. గడచిన సంవత్సరము పదవ తరగతి విద్యార్థులు కొందఱు దానిని బాగుచేయ బూనుకొని, తమ చేతిఖర్చులనుండి కొంత సొమ్ము కూడబెట్టి, యే వాల్వును గొనవలయునని మమ్మడిగిరి. మేము వెంటనే జవాబు చెప్పితిమి. ఆ జవాబు తప్పు. ఆ తప్పువలన మేము నేర్చుకొన్నదానిని విద్యార్థులకును వారి తలిదండ్రులకును దెలుపుట మా విధియని యెంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1904లో ఇంగ్లండున జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగు రెండు ఎలక్ట్రోడుల వాల్వును నిర్మించెను. 1906 ప్రాంతమున అమెరికాలో లీ డి ఫారెస్టు దానికి గ్రిడ్డను మూడవదానిని జేర్చెను. అదియే ట్రయోడు. వేడెక్కిన కాథోడునుండి ప్లేటునకు బోవు ఎలక్ట్రానులకు గ్రిడ్డు కాలువకు లాకు తలుపువంటిది. తలుపు కొంచెము కదలినచో బ్రవాహము చాల మాఱును. ఇట్టి ట్రయోడులు రెండింటిని ఒకే గాజుబుడ్డిలో నమర్చినచో నది జంట ట్రయోడగును. దానివలన జోటును ఖర్చును గలిసివచ్చును.

తొమ్మిది కాళ్ల జంట ట్రయోడులలో మిక్కిలి ప్రసిద్ధములు మూడు: 12ఏయు7, 12ఏటి7, 12ఏఎక్స్7. ఐరోపాలో వీనినే వరుసగా ఇసిసి82, ఇసిసి81, ఇసిసి83 అందురు. వీని వృద్ధి గుణకములు సుమారు 17, 60, 100. మూడింటికిని గాళ్ల వరుస యొక్కటియే. వేడిచేయు తీగకు గావలసిన విద్యుత్తును ఒక్కటియే. కావున నొకదాని సాకెట్టులో మఱియొకటి చక్కగా నిమిడిపోవును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఇమిడినంతమాత్రమున దగినదని మనము భ్రమపడుదుము.

మా ఆంప్లిఫయరు రెండవ సాకెట్టులోని 12ఏయు7 అరిగిపోయి యుండెను. పదునేడుకంటె నూఱు పెద్దది గదా యని తలచి, దాని స్థానమున 12ఏఎక్స్7ను బెట్టుడని మేము చెప్పితిమి. విద్యార్థులు మా మాట నమ్మి కొనితెచ్చిరి. ధ్వని కొంచెము హెచ్చినట్లే తోచినది. కాని వక్త కంఠమెత్తగనే లౌడ్ స్పీకరు బొంగురుపోయెను. అప్పుడు మేము తయారీదారుల పట్టికను ముందుంచుకొని లెక్క వేసితిమి. కొనుటకు ముందే చేయవలసిన పనిని గొన్న పిమ్మట జేసితిమి.

లెక్క యిట్టిది. వృద్ధి గుణకమును ప్లేటు భారనిరోధముచే గుణించి, ఆ భారమును వాల్వు అంతర్నిరోధమును గలిపిన మొత్తముచే భాగింపవలయును. 250 వోల్టులవద్ద 12ఏఎక్స్7 అంతర్నిరోధము 62,500 ఓములు. 12ఏయు7 అంతర్నిరోధము 7,700 ఓములు. భారము లక్ష ఓములైనచో మొదటిదానివలన దాదాపు 61 రెట్లును, రెండవదానివలన దాదాపు 16 రెట్లును వృద్ధి కలుగును. మా రెండవ సాకెట్టులోవలె భారము 10,000 ఓములైనచో మొదటిదానికి దక్కునది 14 రెట్లు మాత్రమే. రెండవదానికి దాదాపు 10. నూఱని పేరుగలది పదునాలుగునకు దిగినది!

అంతేకాదు. ఆ వోల్టేజివద్ద 12ఏయు7 గ్రిడ్డుపై నుంచవలసిన ఋణ వోల్టేజి 8.5, 12ఏఎక్స్7కు 2 మాత్రమే. రెండవ సాకెట్టునకు వచ్చు సంకేతము మొదటి వాల్వుచే నప్పటికే పెంపబడినది. అది నాలుగైదు వోల్టులైనప్పుడు 12ఏయు7 సులభముగా భరించును; 12ఏఎక్స్7 గ్రిడ్డు ధనమై, తరంగపు శిఖరము తెగిపోవును. బొంగురుదనమునకు గారణమిదియే.

కావున మా యభిప్రాయమిది: వాల్వును దాని పెద్ద అంకెనుబట్టి గాక, అది చేయవలసిన పనినిబట్టి యెంచుకొనవలయును. మైక్రోఫోనునుండి వచ్చు స్వల్ప సంకేతమునకు 12ఏఎక్స్7 తగును. బరువైన భారమును నడుపుచోట 12ఏయు7 తగును. ఎనిమిది కాళ్ల 6ఎస్ఎన్7 కూడ నట్టి పనికి మేలైనదే. కాని దానికి వేఱు సాకెట్టు వలయును, 6.3 వోల్టులవద్ద వేడి తీగకు 0.6 ఆంపియరు కావలయును. ఇది 12ఏఎక్స్7కు గావలసినదానికి రెట్టింపు గనుక ట్రాన్స్‌ఫార్మరు శక్తిని ముందు చూచుకొనవలయును.

లెక్కలతో బనియేమి, చెవియే ప్రమాణము, పేరుమోసిన పాత వాల్వులే కొనవలయునని కొందఱందురు. చెవి మాటను మేము కాదనము. ఒకే పేరుగల రెండు వాల్వులలో నొకటి నిశ్శబ్దముగాను మఱియొకటి రొదతోను బనిచేయవచ్చును. పెన్సిలుతో మెల్లగా దట్టినప్పుడు గంటవలె మ్రోగు వాల్వు మైక్రోఫోను సాకెట్టునకు బనికిరాదు. దీనిని పట్టిక చెప్పదు. అయినను చెవి పరీక్ష లెక్క తరువాతిది. రష్యా, స్లొవేకియా, చైనా దేశములలో నేటికిని గ్రొత్త వాల్వులు తయారగుచున్నవి. పాతదను పేరునకై పిల్లల సొమ్ము వెచ్చించుట మాకు సమ్మతము గాదు.

తలిదండ్రులకొక మనవి. ఈ యంత్రములలో రెండువందల యేబది వోల్టులును, అంతకు మించియు నుండును. స్విచ్చి కట్టివేసిన పిమ్మటను కండెన్సరులలో విద్యుత్తు నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపగలదు. తెలిసిన పెద్దలు చెంత లేనిదే పిల్లలను మూత విప్పనీయకుడు.

ఇప్పుడు రెండవ సాకెట్టులో గ్రొత్త 12ఏయు7 పనిచేయుచున్నది. మేము పొరబాటున గొనిపించిన 12ఏఎక్స్7ను తట్టి చూచితిమి, నిశ్శబ్దముగా నున్నది. మైక్రోఫోను సాకెట్టులోని పాతదానికి బదులు దానిని బెట్టితిమి. బొంగురుపోయిన వాల్వే నేడు ప్రతి వక్త కంఠమును మొదట నందుకొనుచున్నది. వాల్వు చెడ్డది గాదు, మేము చూపిన చోటు చెడ్డది. విద్యార్థులారా, ఇకమీద మేము చెప్పినను పట్టిక చూచి, లెక్క వేసి, పిమ్మట గొనుడు.