మరాఠీ మనదే, తెలుగూ మనదే

ఒకటో తరగతి నుంచే హిందీ తప్పనిసరి అంటూ మహారాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 16న ఉత్తర్వు ఇచ్చింది. గట్టి వ్యతిరేకత రావడంతో జూన్ 29న రద్దు చేసింది. వాదమంతా మరాఠీ, హిందీల చుట్టూనే తిరిగింది. షోలాపూర్ తూర్పు భాగంలో ఇంట్లో తెలుగు మాట్లాడే మన నేతకార్మికుల పిల్లల సంగతి ఎవరికీ పట్టలేదు.

మరాఠీతో మనకు పేచీ లేదు. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన మన పెద్దలకు ఈ ఊరు అన్నం పెట్టింది. మన చేతిపని షోలాపురీ చద్దరుగా ఈ ఊరికి పేరు తెచ్చింది. మన శ్రావణ పౌర్ణమే వాళ్ల నారళీ పౌర్ణమి. ఆ రోజే మార్కండేయుడి రథం వీధుల్లో కదులుతుంది. 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరికంబమెక్కిన మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే ఒకే కులం, ఒకే మతం వాళ్లు కారు. షోలాపూర్ అందరిదీ అనడానికి అంతకన్నా రుజువేం కావాలి?

కచేరీకి, బజారుకు మరాఠీ కావాలి. పిల్లలు బాగా నేర్వాలి. అయితే అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఆ హక్కు కాగితం మీదే మిగలడంలో సర్కారు వాటా ఎంతో, ఇంగ్లీషు మీడియం వైపు పరుగెత్తే మన వాటా అంత. తెలుగు మాట్లాడే పిల్లలు ఇంటింటా ఉన్నారు, చదివే వాళ్లే తగ్గిపోతున్నారు.

అందుకే మన కోరిక చిన్నది: పిల్లలు ఏ మీడియంలో ఉన్నా, తూర్పు భాగం బడుల్లో తెలుగు ఒక పాఠ్యాంశంగా ఉండాలి. అడగాల్సింది తల్లిదండ్రులుగా మనమే.