ముందు ఫోర్కు చూడండి, తర్వాత బ్యాగు కొనండి

పోస్టు పొడుగైంది, ముందే చెప్పేస్తున్నాం. ఓపిక లేనివాళ్ళు చివరి పేరా ఒక్కటి చదివి ఆదివారం పొద్దున వచ్చేసినా మాకు సంతోషమే.

పులికాట్ యాత్ర మీద గ్రూపులో వారం రోజులుగా నడుస్తున్న గొడవ అందరికీ తెలుసు. తొండియార్‌పేటలో బయల్దేరి తిరువొత్తియూరు, మణలి న్యూటౌన్, మీంజూరు, పొన్నేరి మీదుగా పళవేర్కాడు చేరడం, ఆ రాత్రి అక్కడే ఉండడం. మన పెద్దలు ప్రళయకావేరి అని పిలుచుకున్న సరస్సును పొద్దుటి వెలుగులో చూసుకుని, పొన్నేరికి వెనక్కొచ్చి హైవే ఎక్కి తడ, సూళ్ళూరుపేట, కాళ్ళలో సత్తువుంటే నేలపట్టు పక్షుల దాకా. తిరుగు ప్రయాణానికి వ్యాను. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ వచ్చింది ఆ తీర్మానంతో. వచ్చే ప్రతివాళ్ళ సైకిల్‌కీ ముందు ఫోర్కుకి రెండు పక్కలా బ్యాగులు ఉండాలట. లేనివాళ్ళు పేరు ఇవ్వొద్దట. అందరికీ ఒకే కంపెనీవి టోకున తెప్పించి, సగం ఖర్చు సంఘం నిధిలోంచి పెట్టాలట. ఎనభై మంది ఉన్న గ్రూపులో ముప్పై బొటనవేళ్ళు చకచకా లేచాయి. మేము, అంటే ఏడాదిగా ఆదివారం జట్టులో తిరుగుతున్న నలుగురం, దీన్ని ఒప్పుకోవడం లేదు. ఎందుకో చెప్తాం.

మాకు ఫోర్కు బ్యాగుల మీద పగేమీ లేదు. మా నలుగురిలో ఇద్దరి సైకిళ్ళకు అవే ఉన్నాయి. తెలియనివాళ్ళ కోసం: ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళే ఫోర్కు. ఆ కాళ్ళ బయటి వైపున ఒక్కోదానికి మూడు బోల్టుల బెజ్జాలు, వరసగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వాటికి ఒక చిన్న పంజరం లాంటిది బిగిస్తారు. దాన్ని కేజ్ అంటారు. ఆ కేజ్‌లో మూడు నుంచి అయిదు లీటర్లు పట్టే పొడుగాటి సంచిని నిలబెట్టి పట్టీలతో కడతారు. బరువు కిందికి దిగుతుంది, వీపు ఖాళీ అవుతుంది, హ్యాండిల్ మీద మూట ఉండదు. మంచి ఏర్పాటే.

కానీ ఆ బరువు ఎక్కడ కూర్చుంటోందో చూడండి. వెనక క్యారియర్ మీది మూట సైకిల్‌తో పాటు వస్తుంది. ఫోర్కు మీది మూట మీరు హ్యాండిల్ తిప్పినప్పుడల్లా తిరుగుతుంది. రెండు పక్కలా సమానంగా, తేలిగ్గా, కదలకుండా ఉంటే సైకిల్ నిబ్బరంగా పోతుంది. ఒక పక్క బరువెక్కితే ఆ పక్కకే లాగుతుంది. అందుకే చాలా కేజ్‌ల మీద ఒక్కో పక్కకి 3 కిలోలు అని హద్దు పెడతారు. లీటరు నీళ్ళు అంటేనే కిలో. రెండు నీళ్ళ సీసాలు, ఒక తాళం, పనిముట్ల పొట్లం పడితే ఆ పక్క హద్దు దాటినట్టే. ఫోర్కు తయారు చేసినవాళ్ళ హద్దు అంతకన్నా తక్కువుంటే అదే లెక్క, కేజ్ లెక్క కాదు.

ఇది మేము పుస్తకం చూసి చెప్పడం లేదు. కిందటి వానాకాలం తర్వాత పొన్నేరి రోడ్డులో మాలో ఒకడు పడ్డాడు. కుడి సంచిలో నీళ్ళు, పంపు, తాళం. ఎడమ సంచిలో ఒక లుంగీ, తువ్వాలు. సర్దింది మేమే, ఎవరినీ అనేది లేదు. గుంతలో చక్రం దిగింది, కుడి సంచి ఒక్క అంగుళం జారింది, వదులుగా వేలాడుతున్న పట్టీ కొస ఊచల్లోకి పోయింది. ముందు చక్రం అక్కడికక్కడ ఆగిపోతే మనిషి హ్యాండిల్ మీదుగా పోతాడు. వీడూ అలాగే పోయాడు. వెనకొస్తున్న లారీ డ్రైవరు చూసి బ్రేకు కొట్టాడు కాబట్టి మోచేతి చర్మంతో తప్పింది. ఆ డ్రైవరు కిందికి దిగి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేం గానీ, ప్రతి తిట్టూ మాకు తగినదే. అదే మణలి దగ్గర కంటైనర్ లారీలు వరస కట్టే చోట జరిగి ఉంటే ఈ పోస్టు వేరే రకంగా ఉండేది.

సరే, జాగ్రత్తగా కట్టుకుంటే సరిపోతుంది కదా అంటారు. సరిపోతుంది, ఫోర్కుకి బెజ్జాలుంటే. మొన్న ఆదివారం జట్టులో ఉన్న పదకొండు సైకిళ్ళనూ మేము వంగి చూశాం. మూడు బెజ్జాల ఫోర్కు ఉన్నవి 3. స్ప్రింగు సస్పెన్షన్ ఉన్నవి 5. పాత డబుల్ బార్ లోడు సైకిళ్ళు 2. కార్బన్ ఫోర్కుది 1. ఆ కార్బన్‌దానికి ఒక్క బెజ్జమూ లేదు. అది ఎవరి సైకిలంటే, తీర్మానం పెట్టిన అన్నది. అన్నా, కోపం తెచ్చుకోకు, నీ సైకిల్ అందరి సైకిళ్ళకన్నా ఖరీదైనది, బంగారం లాంటిది. కానీ నీ తీర్మానం ప్రకారం యాత్రకి నువ్వే రాలేవు.

బెజ్జాలు లేకపోతే పెట్టిస్తాం అని ఇంకొకరు రాశారు. దయచేసి ఆ పని చేయొద్దు. మాకు తెలిసిన ఒక షాపులో అల్యూమినియం ఫోర్కుకి డ్రిల్లుతో బెజ్జం వేసి "ఏం కాదు సార్" అని ఇచ్చారు. ఫోర్కు కాలు అంటే పల్చటి గొట్టం. బెజ్జం పడిన చోటే పగులు మొదలవుతుంది. ముందే చెప్పి విరగదు, వంతెన దిగేటప్పుడు విరుగుతుంది. కార్బన్‌కైతే డ్రిల్లూ వద్దు, క్లాంపు బిగించడమూ వద్దు. తయారీదారు ఒప్పుకున్నాడని కాగితం మీద ఉంటే తప్ప. సస్పెన్షన్ ఫోర్కుకి మాత్రం ఒక దారి ఉంది: పాత ట్యూబు ముక్క చుట్టి, దాని మీద క్లాంపు వేసి కేజ్ బిగించవచ్చు. అదీ కింది లావు కాలికే. పైన మెరుస్తూ లోపలికి జారే గొట్టానికి వేస్తే ఫోర్కు పాడైపోతుంది. బిగించాక ఫోర్కుని మీ ఒంటి బరువుతో పూర్తిగా అదిమి చూడాలి, దేనికీ తగలకూడదు.

ఇక ఆ రెండు డబుల్ బార్ సైకిళ్ళ సంగతి. "ఆ తుక్కు సైకిళ్ళతో పరువు పోతుంది" అని ఒకరు రాసి, తర్వాత చెరిపేశారు. మేము చదివాం. ఆ సైకిళ్ళు ఎవరివో మీకు తెలుసు. కాసిమేడు హార్బర్లో తెల్లవారుజామున పని చేసి వచ్చే మన తమ్ముళ్ళవి, వాళ్ళ నాన్నల దగ్గర్నుంచి వచ్చినవి. ఆ సైకిల్ ముందు ఫోర్కుకి ఇరుసు నుంచి పైదాకా అదనపు కమ్మీలు ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? బరువు మోయడానికే. అంబత్తూరులో 1949లో టీఐ సైకిల్స్ వచ్చినప్పటి నుంచీ ఈ ఊళ్ళో పాలు, చేపలు, గ్యాసు బండలు అన్నీ అలాంటి సైకిళ్ళ మీదే తిరిగాయి. నీళ్ళ లారీ దగ్గర నాలుగు బిందెలు కట్టుకుని సందుల్లో తిప్పుకుంటూ వచ్చినవాళ్ళకి సైకిల్ మీద బరువు కట్టడం మనం నేర్పిస్తామా? యాత్రకి ఎవరు తగరో తేల్చడానికి మనకి దొరికిన కొలబద్ద ఒక సంచీనా?

1884లో థామస్ స్టీవెన్స్ పెద్ద చక్రం సైకిల్ మీద ప్రపంచం చుట్టడానికి బయల్దేరితే అతని సామాను హ్యాండిల్‌కి కట్టిన ఒక సంచి: మేజోళ్ళు, ఒక మార్పు చొక్కా, గుడారంగానూ పనికొచ్చే వానకోటు, ఒక పిస్తోలు. పిస్తోలు తప్ప మనకి కావలసింది దాదాపు అంతే. మనం పోయేది ఒక రాత్రికి.

ఆ మూడు సైకిళ్ళవాళ్ళూ, వాళ్ళలాంటివాళ్ళూ కొనుక్కోవాలంటే కొనుక్కోండి, నిధిలోంచి కాదు. కొనేటప్పుడు కంపెనీ పేరుకన్నా ముందు కేజ్ చూడండి: మూడు బోల్టులూ పడాలి, రెండు కాదు. సంచి, కేజ్ విడివిడిగా ఉన్నదే మాకు నచ్చింది, సంచి చిరిగితే ఇంకో సంచి కట్టుకోవచ్చు. ఒకే ముక్కగా వచ్చి తాళంలా బిగిసేవి తీయడానికి సుఖమే గానీ, ఆ ప్లాస్టిక్ కొక్కెం విరిగితే మీంజూరులో దొరకదు. సంచి నోరు మూడు మడతలైనా పడాలి. కుక్కి నింపి ఒక్క మడత వేస్తే వాన లోపలే కురుస్తుంది. మన వైపు ఉప్పుగాలికి మామూలు బోల్టు ఆరు నెలల్లో తుప్పు పట్టి బెజ్జంలోనే ఇరుక్కుంటుంది, స్టెయిన్‌లెస్‌వి అడిగి తీసుకోండి. పట్టీ కొసల్ని మడిచి కుక్కండి. (మోచేయి చూపించమంటే మావాడు చూపిస్తాడు.) డిస్కు బ్రేకు ఉంటే ఎడమ పక్క కాలిపర్‌కీ, గొట్టానికీ సంచి తగలకూడదు. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి, సంచి ఫ్రేముకీ, మీ బూటు కొసకీ తగులుతుందేమో. అందులో బట్టలు, దుప్పటి, వానకోటు పెట్టండి. నీళ్ళూ పనిముట్లూ ఫ్రేము మధ్యలోకి.

మిగతా ఎనిమిది మందికీ వెనక క్యారియర్ చాలు. చాలా క్యారియర్ల మీద 25 కిలోలు అని అచ్చేసే ఉంటుంది. దాంట్లో మూడో వంతు కూడా ఒక రాత్రి సామాను తూగదు. క్యారియర్ కూడా పట్టనివాళ్ళ సంచి ఇంకొకరి సైకిల్ మీద వస్తుంది. మనది సంఘం కదా, ఆ మాటకి అర్థం అంతకన్నా ఏముంది?

నిధి డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే పెట్టే చోట్లు చూపిస్తాం. ఆ పదకొండింటిలో నాలుగు సైకిళ్ళ బ్రేకు కట్టలు అరిగిపోయాయి. అయిదింటికి వెనక ఎర్ర లైటు లేదు. మనం బయల్దేరేది తెల్లారకముందు, ఎణ్ణూరు వైపు లారీల మధ్య. రెండు టైర్లలో లోపలి నూలు కనిపిస్తోంది. కేజ్‌లూ బ్యాగులూ కలిపి ఒక్క సైకిల్‌కి అయ్యే డబ్బుతో వీటిలో చాలామటుకు తీరిపోతాయి. సంఘం ట్రంకు పెట్టెలో ఉన్న ప్రథమ చికిత్స డబ్బా మేము తెరిచి చూశాం. దూది తప్ప ఏమీ లేదు.

కాబట్టి మేము అడుగుతున్నది ఇది. ఆ తీర్మానం వెనక్కి తీసుకోండి, యాత్రకి పేరిచ్చిన అందరి పేర్లూ ఉంచండి. వచ్చే ఆదివారం పొద్దున అయిదున్నరకి సంఘం ఆఫీసు ముందుకి సైకిల్, సామాను తీసుకుని రండి. 4 ఎంఎం అలెన్ కీ, స్పానర్లు, పాత ట్యూబు ముక్కలు మేము తెస్తాం. ఫోర్కు బ్యాగులు ఉన్నవాళ్ళు కిలో కందిపప్పు పొట్లాలు నాలుగు తెచ్చుకోండి. పక్కకి రెండేసి కట్టి టీహెచ్ రోడ్డు స్పీడు బ్రేకర్ల మీదుగా తిరువొత్తియూరు దాకా పోయి వద్దాం. తిరిగొచ్చాక ప్రతి బోల్టూ మళ్ళీ బిగించి చూద్దాం. వదులైన బోల్టు ఎవరిదైతే ఆ రోజు టిఫిను ఖర్చు వాళ్ళది. కార్బన్ ఫోర్కు అన్న కూడా రావాలి. ఆయన సామాను మా క్యారియర్ మీద తెస్తాం.