ఆరేళ్ళ తోడు

మా అమ్మాయికి పదమూడేళ్ళు. వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్ళాలన్నా తమ్ముణ్ణి వెంటబెట్టుకుంటుంది. వాడికి ఆరేళ్ళు. దారిలో కుక్క మొరిగితే ముందు ఏడ్చేది వాడే! మొన్న ఇద్దర్నీ అలా చూసి నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "తమ్ముణ్ణి తీసుకెళ్ళవే" అని నేర్పింది నేనేగా!

నాకు నేర్పింది మా అమ్మ. ఉరిమితే చాలు, 'అర్జునా ఫల్గుణా' అంటూ మమ్మల్ని ఒళ్ళోకి లాక్కునేది. ఆవిడ గుండె దడ మా వీపులకి తెలిసేది. ఉరుముకంటే ఆ దడే నాకెక్కువ గుర్తు.

1920లో అమెరికాలో వాట్సన్, రేనర్ అనే పరిశోధకులు ఓ పసివాడిమీద చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. తెల్ల ఎలుకంటే జంకని పిల్లాడు. వాడు దాన్ని ముట్టుకోబోతే చాలు, వెనకనుంచి ఇనప కడ్డీమీద సుత్తితో కొట్టేవారు. కొద్దిరోజులకి ఎలుక కనిపిస్తేనే ఏడుపు. ఆనక కుందేలన్నా భయమే. ఎంత కర్కశం అనుకున్నాను చదివి. మరి మనం? అన్నం తినకపోతే బూచాడు, అల్లరి చేస్తే పోలీసు!

కొందరు పిల్లలు పుట్టుకతోనే బెరుకు, నిజమే. కానీ భయపడ్డ పని తప్పించుకున్నప్పుడల్లా 'హమ్మయ్య' అనిపిస్తుందే, ఆ హమ్మయ్యే భయానికి మేత. పైగా ఆడపిల్లల దగ్గర ఇంకో చిక్కుంది. మగపిల్లాడు జంకితే పిరికివాడంటాం. ఆడపిల్ల జంకితే "ఎంత నెమ్మదో!" అని మెచ్చుకుంటాం. మా పిల్లని చుట్టాలంతా అలాగే మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. అది నెమ్మదో భయమో ఏనాడూ అడగలేదు.

వీధిలో ప్రమాదాలు లేవా అంటారేమో. ఉన్నాయి, నేనూ పేపరు చదివేదాన్నే. ఆరేళ్ళవాడు ఆపగలిగే ప్రమాదమేదో మాత్రం నాకు తోచలేదు.

1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ, కుందేలంటే హడలిపోయే మూడేళ్ళ పిల్లాడి భయం పోగొట్టింది. వాడికిష్టమైనవి తినిపిస్తూ, బోనులోని కుందేలుని కొంచెం కొంచెంగా దగ్గరికి జరిపింది. చివరికి వాడే దాన్ని నిమిరాడు.

నిన్న పెరుగు ప్యాకెట్టుకి అమ్మాయిని ఒక్కదాన్నే పంపాను. గేటు దాటి వెనక్కి చూసింది. నేను గబుక్కున తలుపు చాటుకి తప్పుకున్నాను. రావడానికి పది నిమిషాలు పట్టింది. అంతసేపూ గడియారం చూసింది నేనే. అది మాత్రం ప్యాకెట్టు గట్టుమీద పెట్టి, "చిల్లర రెండు రూపాయలు తక్కువిస్తే అడిగి తీసుకున్నానమ్మా" అంది.