పని ఆపుట, పనికై ఆగుట

"ఐ స్టాప్డ్ టు వర్క్ ఇన్ ఎ షాప్" అని మా విద్యార్థి ఒకడు ఉపకార వేతనపు దరఖాస్తులో వ్రాసినాడు. దుకాణములో పని మానివేసి చదువునకు వచ్చితినని అతని భావము. చదివినవారు మాత్రము దుకాణములో పనిచేయుటకై చదువు ఆపినాడని గ్రహించిరి. దరఖాస్తు తిరిగి వచ్చినది. "స్టాప్డ్ వర్కింగ్" అనవలసినది.

తెలుగు బోధించు మాకు ఇంగ్లీషు ఊసేల యని మిత్రులు అనవచ్చును. కాని ఈ చిక్కు విడదీయు కీలకము మన భాషలలోనే ఉన్నది. స్టాప్, రిమెంబర్, ఫర్గెట్, రిగ్రెట్ అను పట్టికను విద్యార్థి దశలో మేమును వల్లె వేసితిమి; పరీక్ష మరునాడే మరచితిమి. పని ఆపుట వేరు, పనికై ఆగుట వేరు అని ఒక్కరైనను చెప్పలేదు. ఉర్దూలో "కామ్ కర్నా ఛోడ్ దియా" అనవలసినచోట "కామ్ కర్నే కే లియే రుకా" అని పసివాడైనను అనడు.

"రిమెంబర్ పోస్టింగ్" అనగా ఉత్తరము వేసినట్లు జ్ఞాపకముండుట. "రిమెంబర్ టు పోస్ట్" అనగా మరువక వేయుట. జరిగినదానికి ఇంగ్, జరుగవలసినదానికి టు అని స్థూలముగా చెప్పవచ్చును. "ట్రై" ఈ సూత్రమునకు లొంగదు. "ట్రై టు ఓపెన్" అనగా తెరువ యత్నించుట. "ట్రై ఓపెనింగ్" అనగా ఏమగునో యని తెరచి చూడుట. మన "చూడుట" ఇక్కడ ఎంత చక్కగా అమరినది!

ఇంగ్లీషు తరగతిలో మాతృభాష వినబడరాదను పట్టుదలను కమిటీవారు సడలింపవలెనని మా మనవి. ఆ విద్యార్థి మరల దరఖాస్తు పెట్టినాడు, ఈసారి మాకు చూపించి.