నర్సింగ్ కాలేజీలో చేర్పించే ముందు

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన వారంలోపే మన గ్రామాలకు కాలేజీల ఏజెంట్లు వస్తారు. ఆదివారం ఆరాధన ముగించుకొని సంఘమంతా మందిరం బయటికి వచ్చేసరికి చెట్టు క్రింద కరపత్రాలతో నిలబడి ఉంటారు. సీటు, హాస్టలు, ఉద్యోగం అన్నీ గ్యారంటీ, ఈ రోజే అడ్వాన్సు కట్టమంటారు. వారు చూపే వాటిలో ఎక్కువ భాగం బెంగుళూరు నర్సింగ్ కాలేజీలే. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్‌గారు 1898లో అక్కడ ఆసుపత్రి తెరచిన కాలం నుండి మన కుటుంబాలలో నర్సు పనికి గొప్ప గౌరవం ఉన్నది. ఏజెంట్లకు కూడా ఆ సంగతి బాగా తెలుసు.

ప్రియమైన తల్లిదండ్రులారా, అడ్వాన్సు కట్టకముందు అమ్మాయిని కూర్చోబెట్టి ఒక మాట అడగండి. ఈ చదువు చదివి ఎక్కడ, ఏ పని చేయాలని ఆమె కోరిక? చాలా ఇళ్ళలో ఈ ప్రశ్న తండ్రి, మేనమామ, ఏజెంటు కలిసి తేల్చేస్తారు. రక్తం చూస్తే కళ్ళు తిరిగే పిల్లను కూడా, నలుగురూ పంపుతున్నారు గదా అని పంపుతున్నారు.

నర్సింగు అంటే ఒకే చదువు కాదు. ఎ.ఎన్.ఎం. రెండేళ్ళు. పల్లెలలో ఉప కేంద్రాలలో గర్భిణీలను, పసిబిడ్డలను చూచుకొనే పని దానిది. ఇంటికి దగ్గరగా ఉండి సేవ చేయగోరే పిల్లకు ఇది తక్కువ చదువేమీ కాదు. జి.ఎన్.ఎం. మూడేళ్ళు, ఆసుపత్రి వార్డు పని. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా ఇందులో చేరవచ్చు. బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్ళు, దీనికి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. జి.ఎన్.ఎం. చదివినవారు తరువాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ కోర్సుతో బి.ఎస్సీ. పట్టా పొందవచ్చు గనుక, ఇంట్లో డబ్బు చాలనప్పుడు మా దృష్టిలో అది మంచి దారి. ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసరు పరీక్షకు కూడా జి.ఎన్.ఎం. వారు కూర్చోవచ్చు. అయితే 50 పడకలకు తగ్గని ఆసుపత్రిలో రెండేళ్ళు పనిచేసి ఉండాలి. ఇక ఆరు నెలలు, ఏడాది శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్టు చేతిలో పెట్టే ప్రైవేటు సంస్థలున్నాయి. ఆ కాగితంతో నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కాదు. నమోదు లేనిదే నర్సు కాజాలదు. పేరులో నర్సింగు అని ఉన్నంత మాత్రాన మోసపోవద్దు.

కాలేజీకి గుర్తింపు ఉన్నదా అని ఏజెంటును అడగవద్దు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌నే అడగండి. బి.ఎస్సీ. అయితే విశ్వవిద్యాలయాన్ని కూడా అడగండి. ఆపైన ఒకసారి స్వయంగా వెళ్ళి చూడండి. బస్సు ఛార్జీ దండుగ అనుకోవద్దు. భవనం, బస్సులు, స్వాగత తోరణం చూచి తిరిగి రాకండి. పిల్లలు వార్డు పని నేర్చుకునే ఆసుపత్రి ఎక్కడున్నదో అడిగి, ఉదయం పది గంటలకు అక్కడికి వెళ్ళండి. పడకల మీద రోగులున్నారా? కాన్పుల గది నడుస్తున్నదా? రెండవ సంవత్సరం పిల్లను ఒకరిని ప్రక్కకు పిలిచి, "అమ్మా, ఈ నెలలో ఎన్ని రోజులు వార్డులో పనిచేశావు?" అని అడగండి. రోగులు లేని ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేయడం ఎలా నేర్చుకుంటారు?

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క వేసుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన సంగతి మనకు తెలుసు. మొదటి సంవత్సరం ఫీజు ఒక్కటే చూచి చేర్పిస్తే, మూడవ సంవత్సరం పొలం తాకట్టు పెట్టవలసి వస్తుంది. హాస్టలు, భోజనం, యూనిఫారం, పరీక్ష ఫీజు, క్లినికల్ ఫీజు అన్నీ చదువు పూర్తయ్యేవరకు ఎంతవుతుందో కాగితం మీద వ్రాయించుకోండి. అది కన్వీనరు సీటా, మేనేజిమెంటు సీటా అని అడగండి. మేనేజిమెంటు సీటుకు సాధారణంగా ఫీజు రీయింబర్స్‌మెంటు రాదు. బి.సి.-సి వర్గానికి చెందిన కుటుంబాలవారు కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం ముందే తీసి ఉంచుకోవాలి. చివరి రోజున మండలాఫీసు చుట్టూ తిరిగితే పని జరగదు.

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది పదవ తరగతి మెమో, ఇంటర్ మెమో విషయంలో. ఒరిజినల్స్ తీసుకొని, పిల్ల మధ్యలో మానివేస్తే మిగిలిన సంవత్సరాల ఫీజు కూడా కడితేనే ఇస్తామనే యాజమాన్యాలున్నాయి. ఆ కాగితాలు లేక మరొక కోర్సులో చేరలేక ఇంట్లో కూర్చున్న పిల్లలు మన సంఘాలలోనే ఉన్నారు. సర్టిఫికెట్లు సరిచూచి వెంటనే తిరిగి ఇవ్వాలని యు.జి.సి. 2018లో కాలేజీలకు నియమం పెట్టింది. జిరాక్సు కాపీలు ఇవ్వండి. ఒరిజినల్స్ ఎవరైనా ఉంచుకుంటామంటే ముద్ర వేసిన రసీదు లేకుండా వదలవద్దు. ఏజెంటు చేతికి మాత్రం ఎన్నడూ ఇవ్వవద్దు, అతడు మీ సంఘస్థుడైనా సరే.

పాస్టరుగార్లకు ఒక మనవి. ఫలితాలు రాకముందే ఒక ఆదివారం సాయంకాలం, నర్సులుగా పనిచేస్తున్న మన సంఘపు సహోదరీలను పిలిపించండి. రాత్రి డ్యూటీ ఎలా ఉంటుంది, మొదటి జీతం ఎంత, ఏ కాలేజీలో నిజంగా పని నేర్పారు, ఈ సంగతులు వారి నోట పిల్లలు వినాలి. ఆ కూటమికి తండ్రులు కూడా వచ్చి కూర్చోవాలి.