లాగ్‌లో ఏముందో అడగండి

మా మేనల్లుడు శనివారం రాత్రి పదింటికి కంపెనీ మెయిల్ సర్వర్‌కు ప్యాచ్ వేయడానికి కూర్చుంటే, ఆదివారం మధ్యాహ్నానికి గానీ లేవలేదు. ప్యాచ్ సగంలో ఆగిపోయింది. వాడు లాగ్ ఫైళ్లు చదువుకుంటూ, ఆగిన సర్వీసులను ఒక్కొక్కటే లేపుకుంటూ తెల్లవార్లూ కష్టపడి సర్వర్‌ను నిలబెట్టాడు. సోమవారం పై అధికారి అడిగింది ఒక్కటే: "నువ్వేం పొరపాటు చేశావ్?" ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మండుతోంది.

ప్యాచ్ వికటిస్తే తప్పు వేసినవాడిదే కానక్కర్లేదు. 2021 మార్చి 2న మైక్రోసాఫ్ట్ తన ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్‌కు అత్యవసర ప్యాచ్‌లు ఇచ్చింది. అప్పటికే నాలుగు లోపాలను పట్టుకుని దొంగలు లోపలికి చొరబడుతున్నారు. ఎక్కడికక్కడ హడావిడిగా ప్యాచ్ వేశారు. ఆ ప్యాచ్ ఫైలును మామూలుగా డబుల్ క్లిక్ చేసి వేస్తే కొన్ని ఫైళ్లు సరిగా మారేవి కావు. తెర మీద మాత్రం ఏ ఎర్రరూ కనిపించేది కాదు. అడ్మినిస్ట్రేటర్ హక్కుతో తెరిచిన కమాండ్ ప్రాంప్ట్ నుంచి వేయాలని కంపెనీ తన సూచనల్లో రాసింది. ఆ హక్కు ఉందో లేదో ఇన్‌స్టాలరే మొదట చూసుకుని, లేకపోతే అక్కడే ఆగాలి కదా! పనయిపోయిందనుకుని ఇంటికెళ్లి పడుకున్న మనిషిదా తప్పు?

అదే సర్వర్‌కు 2023 ఆగస్టు 8న వచ్చిన ప్యాచ్ మరీ ఘోరం. ఇంగ్లీషు విండోస్ మీద పడింది గానీ వేరే భాషల విండోస్ మీద సగంలో ఆగి వెనక్కి పోయింది. పోతూ సర్వీసులను డిజేబుల్ చేసి వదిలేసింది. అప్పటికి కంపెనీ చెప్పిన ఉపాయం ‘నెట్‌వర్క్ సర్వీస్’ అని ఇంగ్లీషు పేరుతో ఒక ఉత్తుత్తి ఖాతా తెరవమని! విండోస్‌లో ముందే ఉండే అసలు ఖాతా పేరు జర్మన్‌లో ‘నెట్స్‌వెర్క్‌డీన్‌స్ట్’. పేరు ఏదైనా దాని గుర్తింపు సంఖ్య అన్ని భాషల్లోనూ ఒకటే, ఎస్-1-5-20. సరిదిద్దిన ప్యాచ్ ఆగస్టు 15న వచ్చింది. విడుదలకు ముందే ఒక్క జర్మన్ యంత్రం మీద వేసి చూసి ఉంటే ఆ వారం రోజుల అవస్థ తప్పేది. ఇంగ్లీషులో నడిస్తే లోకమంతా నడిచినట్టేనన్న ధీమాను నేను ఏళ్ల తరబడి తిడుతూనే ఉన్నాను, ఇకముందూ తిడతాను.

ఆ ధీమా మన ఫారాల్లోనూ ఉంది. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరవాత. ఫారం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే, పాన్‌లో పూర్తిగా పడుతుంది. ‘లక్ష్మి’ ఒకచోట కేఎస్‌హెచ్‌తో, ఇంకోచోట ఎక్స్‌తో ఉంటుంది. మా వీధిలో ఒక పెద్దావిడ ఈ ఒక్క ఎక్స్ కోసం నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగింది. తెలుగులో ఆవిడ పేరు ఎక్కడ చూసినా ఒకటే. ఇంగ్లీషులో రెండు రకాలుగా రాసింది గుమాస్తాలు. అయినా కౌంటర్‌లో విన్న మాట, "పేరు సరిగ్గా రాయించుకోవాలి కదమ్మా!"

అయ్యా, అధికారులారా! రాత్రంతా మేలుకుని సర్వర్ నిలబెట్టినవాణ్ని ఏం పొరపాటు చేశావని అడగకండి. లాగ్‌లో ఏముందని అడగండి. ఆ పెద్దావిడను నిలదీసే ముందు కూడా, ఆ ఎక్స్ ఎవరు రాశారో మీ దస్త్రంలోనే వెతకండి.