ఇంజను మనదే, కొలతలు ఎవరివి?

బండి నీలం పొగ కొడుతూ ఆయిలు తాగుతోందంటే మనవైపు మెకానిక్కులు "బోరుకొచ్చింది" అంటారు. ఆస్ట్రేలియాలో కూలి ఖరీదెక్కువ కాబట్టి "ఇంజనే మార్చేయండి" అనే సలహా తరచు వింటుంటాను. నన్నడిగితే ఏ మాట అనడానికైనా ముందు కొలత ఉండాలి.

రింగులు అరిగాయేమో చూడ్డానికి వెంటనే ఇంజను విప్పనక్కరలేదు. కంప్రెషన్ కొలిచి, తక్కువగా ఉన్న సిలిండరులో కాస్త ఆయిలు పోసి మళ్ళీ కొలవాలి. పెరిగితే లోపం చాలావరకు రింగుల్లోనో, సిలిండరు గోడలోనో ఉన్నట్టు. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. విప్పాక అసలు పని మొదలవుతుంది. కొత్త రింగుని సిలిండరులో పెట్టి, దాని కొసల మధ్య సందు కొలవాలి. రాడ్ బేరింగుకీ క్రాంకు షాఫ్టుకీ మధ్య ఉండవలసిన ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. ఎక్కువైతే ఆయిలు ఒత్తిడి పడిపోతుంది, మరీ తక్కువైతే ఆయిలు పొర నిలవక బేరింగు పట్టేస్తుంది. రాడ్ బోల్టు ఎంత బిగించాలి, పాత బోల్టు మళ్ళీ వాడొచ్చా అన్నది ఇంజను ఇంజనుకీ వేరు.

ఈ అంకెలు చేతిలో లేని మెకానిక్కు, డాక్యుమెంటేషన్ లేని పాత ప్రోగ్రాము ముందు కూర్చున్న నాలాంటివాడితో సమానం. ఎంత తెలివున్నా ఊహే గతి.

ఈ విద్య ఈ దేశానికి కొత్తేమీ కాదు. మెల్బోర్న్‌లో 1922లో మొదలైన రెప్కో కంపెనీ తయారుచేసిన ఇంజనుతోనే జాక్ బ్రాభమ్ 1966లో ఫార్ములా వన్ ఛాంపియన్ అయ్యాడు. అలాంటి చోట 2017లో పెద్ద కార్ల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఇప్పుడు కార్లు దిగుమతి, వాటి కొలతలు కంపెనీల గుప్పిట్లో.

అందుకే 2022 జులై 1న అమల్లోకి వచ్చిన చట్టం నాకు నచ్చింది. కంపెనీలు తమ డీలర్లకిచ్చే మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకీ సరసమైన ధరకి అమ్మాలంటుందది. 2002 నుంచి తయారైన కార్లకీ, చిన్న సరుకు వాహనాలకీ వర్తిస్తుంది. కానీ ట్రాక్టర్లనీ, మోటారు సైకిళ్ళనీ అందులో చేర్చలేదు. పట్నంలో కారుకైతే వీధికో షెడ్డుంటుంది. కోతల రోజుల్లో పొలంలో ఆగిపోయిన ట్రాక్టరు సంగతేమిటి? డీలరు వందల కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. అవసరం ఎక్కువున్న చోటే చట్టం చేయి వెనక్కి తీసుకుంది.

భద్రత కోసం తాళాల కోడ్లు దాచుకుంటామంటే అర్థం చేసుకోగలను. బేరింగు ఖాళీ తెలుసుకుని ఏ దొంగ ఏం చేసుకుంటాడు? డబ్బిచ్చి ఇంజను కొన్నవాడికి దాని కొలతలు తెలుసుకునే హక్కు కూడా ఉండాలి.